స్నబ్బర్‌ని లంగరు గొలుసుకు ఎట్టా తగిలించాలి: కొక్కెమా, ముడా?

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. 33 అడుగుల పాత సెయిల్‌బోటు, 8 మిల్లీమీటర్ల ఇనుప గొలుసు 50 మీటర్లు, కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరులో నాలుగు మీటర్ల లోతున లంగరు వేస్తున్నారు. రాత్రిళ్ళు గొలుసు గరగరలాడుతూ నిద్రపోనివ్వడం లేదు. గాలి లేచినప్పుడల్లా విండ్‌లాస్ (గొలుసును పైకి లాగే యంత్రం) దగ్గర డెక్కు అదురుతోంది. స్నబ్బర్, అంటే గొలుసుకూ బోటుకూ మధ్య కుదుపు తగ్గించే సాగే తాడు, కట్టుకోమని ఎవరో చెప్పారు, దాన్ని గొలుసుకు తగిలించడానికి షాపతనేమో స్టీలు కొక్కెం కొనమంటున్నాడు. కొక్కెం కొనాలా, ముడి వేస్తే సరిపోతుందా అనేది నీ ప్రశ్న.

ముడి సరిపోతుంది. పోటూ పాటూ తిరిగే ఏరులో ఐతే కొక్కెం వద్దనే చెప్తాను. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు అడగని సంగతులు కూడా ఇందులో ఉన్నాయి, అవి ముడికంటే ముఖ్యం.

మాది కొత్తపట్నం పక్కన పల్లె, ఇంట్లో మగవాళ్ళందరూ వేటకు పోయేవాళ్ళే. నేను మాత్రం మలేషియాలో లంకావి దీవి చుట్టూ తిరిగే చార్టర్ యాట్ల (అద్దెకిచ్చే షికారు పడవల) మీద డెక్కు పనిలో కొన్నేళ్ళు ఉన్నాను. అక్కడ సాయంత్రం లంగరు వేయడం, స్నబ్బర్ కట్టడం, పొద్దున్నే విప్పడం నా పని.

మన తీరంలో చిన్న బోట్లకు ఈ గొడవే లేదు. ఫైబర్ బోటుకు లంగరు నుంచి బోటు దాకా ఎక్కువ భాగం తాడే ఉంటుంది. అల వచ్చి బోటును ఎత్తితే తాడు కాస్త సాగుతుంది, అల దిగితే మళ్ళీ దగ్గరకొస్తుంది. యాట్ల మీద గొలుసు వాడేది రాయికీ, పగడపు దిబ్బకీ తెగకుండా ఉండాలని, తన బరువుతో నేలమీద పడుకుని లంగరును అడ్డంగా లాగాలని. చిన్న గాలిలో ఆ బరువే మనకు స్ప్రింగు. గొలుసు మధ్యలో వేలాడుతూ ఉంటుంది, లాగినప్పుడు ఆ వేలాట కొంచెం తగ్గుతుంది, అంతే. గాలి గట్టిపడేసరికి గొలుసంతా నేలమీద నుంచి లేచి తీగలాగా బిగుసుకుంటుంది. ఇక అక్కడినుంచి దానిలో సాగే గుణం అంటూ ఏమీ మిగలదు. హైవే మీద ఆగిపోయిన లారీని ఇనుప గొలుసుతో లాగడం చూసే ఉంటావు, మొదటి కుదుపుకే ముందు లారీ కొక్కెం విరిగేంత దెబ్బ తగులుతుంది. నీ బోటు ముందు ప్రతి అలకీ జరుగుతున్నది అదే. ఆ దెబ్బ తినేది బో రోలరు (బోటు ముందు కొసన, అంటే బో దగ్గర, గొలుసు జారే చక్రం), విండ్‌లాస్ గేర్లు, కడకు నేలలో పట్టుకున్న లంగరు.

అమెరికా బోటు ప్రమాణాల పట్టికల లెక్కన నీ సైజు బోటును 30 నాట్ల (గంటకు సుమారు 55 కిలోమీటర్ల) గాలి సుమారు 350 నుంచి 400 కిలోల బలంతో లాగుతుంది. గాలి వేగం రెండింతలైతే ఈ లాగుడు నాలుగింతలవుతుంది. విండ్‌లాస్ గొలుసును పైకి తోడటానికి చేసిన యంత్రం, రాత్రంతా బోటును పట్టుకుని నిలబడటానికి చేసింది కాదు. అందుకే స్నబ్బర్. గొలుసు తీసేసిన సాగుడును మళ్ళీ తెచ్చిపెట్టే నైలాన్ తాడు అది.

తాడు సంగతి ముందు చూద్దాం. మూడు పేటల నైలాన్ కావాలి. మీ బోటుకు 12 మిల్లీమీటర్లు చాలు. లావుగా ఉంటే గట్టిగా ఉంటుందని 18 మిల్లీమీటర్లది కొంటారు చాలామంది, అది సాగదు, సాగనప్పుడు కట్టీ ప్రయోజనం లేదు. నెల్లూరులోనో ఒంగోలులోనో వలల సామాను షాపుల్లో నైలాన్ అని అడిగితే పచ్చవీ నీలివీ ప్లాస్టిక్ తాళ్ళు కూడా అదే పేరుతో ఇస్తారు. కొనేముందు ఒక చిన్న ముక్క కోయించి బకెట్టు నీళ్ళలో వెయ్యి. తేలితే అది పాలీప్రొపిలీనో, ఆ జాతిదో, వద్దు. నైలాన్ మునుగుతుంది. పాలియెస్టర్ కూడా మునుగుతుంది కాబట్టి ఒక రెండు మీటర్లు ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని బలంగా లాగి చూడండి. సాగుడు చేతికే తెలుస్తుంది. డైనీమా అనే గట్టి పీచుతో చేసిన తాడు ఎంత బలమైనదైనా ఈ పనికి పనికిరాదు, అది సాగనే సాగదు.

ఇక ముడి. రోలింగ్ హిచ్ అంటారు. లంగరు నేలలో దిగి, బోటు వెనక్కి జరిగి గొలుసు బిగిశాక, రోలరు బయట చేయి అందేచోట గొలుసును చూసుకో. స్నబ్బర్ కొస ఒకటిన్నర మీటరు వదులుగా తీసుకుని గొలుసు చుట్టూ చుట్టు. చుట్లు ఒకదాని పక్కన ఒకటి బోటు వైపుకు పేరాలి, అంటే లాగుడు వచ్చే వైపుకు. ప్రతి చుట్టూ స్నబ్బర్ తాడు మీదుగా దాటిపోవాలి. తాడు మీద రెండు చుట్లు చాలంటారు కానీ గొలుసు మీద నేను ఎప్పుడూ నాలుగుకు తక్కువ వేయను. తర్వాత కొసను లంగరు వైపుకు తెచ్చి, అదే దిశలో ఒక సగం ముడి, దానికి ఆసరాగా ఇంకోటి. చేత్తో గట్టిగా లాగి చూస్తే తాడు లంకెల మధ్య గుంటల్లోకి దిగి కరుచుకోవడం కనిపిస్తుంది. అట్టా కరుచుకున్నాక అది జారదు. ఎండకు బిరుసెక్కిన పాత తాడుతో వేస్తే మాత్రం ఆ గుంటల్లోకి దిగదు, కర్రలాగా పైపైనే ఉండి జారుతుంది. కాబట్టి ముడి వేసే కొస మెత్తగా ఉన్న తాడై ఉండాలి.

పొద్దున విప్పేటప్పుడు విండ్‌లాస్‌తో గొలుసు లాగుతుంటే ముడి రోలరు దాకా వస్తుంది. అక్కడ ఆపి, లాగుడు పోయాక ముడిని రెండు వైపుల నుంచీ దగ్గరికి నెడితే వదులవుతుంది. రాత్రంతా గాలి కొట్టినా దీన్ని కత్తితో కోయాల్సిన అవసరం నాకు రాలేదు.

కొక్కెం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. కొక్కెం గొలుసుమీద నిలబడేది లాగుడు ఉన్నంతసేపే. ఏరులో పోటు తిరిగినప్పుడు, గాలి ఒక వైపు, నీటి పారుడు ఇంకో వైపు ఉంటే బోటు తన గొలుసు మీదకే వచ్చేస్తుంది. గొలుసు వదులై నేలమీద కుప్పగా పడుతుంది. అప్పుడు కొక్కెం ఊరికే జారి ఊడిపోతుంది. డెక్కు మీదున్నవాళ్ళకు తెలియదు. మళ్ళీ గాలి అందుకునేసరికి మొత్తం దెబ్బ విండ్‌లాస్ మీదే. లంకావిలో తెల్లవారుజామున సుమత్రా వైపు నుంచి ఉన్నట్టుండి ఈదురు గాలులు లేస్తాయి, వాటిని అక్కడివాళ్ళు సుమత్రాలనే పిలుస్తారు. అలాంటి ఒక తెల్లవారుజామున మా పక్కన లంగరేసిన బోటు రోలరు చెంప మొత్తం పక్కకు వంగిపోయింది. ఓనరు తలదీపం పెట్టుకుని చూసుకుంటే స్నబ్బర్ ఖాళీగా నీళ్ళలో వేలాడుతోంది, కొసన కొక్కెం భద్రంగా ఉంది. ఆ దృశ్యం చూశాక నాకు ఈ విషయంలో రెండో ఆలోచన లేదు. జారకుండా గడియ ఉన్న కొక్కేలు కూడా దొరుకుతాయి, అవి కొంత నయం. కానీ కొక్కెం మొన ఒకే లంకె మీద ఆనుతుంది, ఆ లంకె మీద బలం ఒక్కచోటే పడుతుంది. పైగా స్టీలు కొక్కేన్ని జింకు పూత గొలుసుకు తగిలించి ఉప్పునీళ్ళలో రోజుల తరబడి వదిలేస్తే ఆ పూత త్వరగా పోతుంది.

ముడి వేయడం కష్టమనిపిస్తే సాఫ్ట్ షాకిల్ తీసుకో. డైనీమాతో అల్లిన మెత్తటి కడియం అది, లంకె లోపలి నుంచి దూర్చి స్నబ్బర్ కొసన ఉన్న కంటికి (తాడును మలిచి చేసిన ఉంగరానికి) వేస్తే అయిపోతుంది. 6 మిల్లీమీటర్లది నీ బోటుకు బలంలో ధారాళం. గొలుసు వదులైనా ఊడదు. లంకె అంచులు గరుకుగా ఉంటే ఒరుసుకుపోతుంది కాబట్టి వాడిన ప్రతిసారీ ఒకసారి వేళ్ళతో తడిమి చూసుకోవాలి, పీచు లేస్తే మార్చాలి. మామూలు ఇనుప డి షాకిల్ (పిన్నుతో మూసే కడియం) వద్దు, పిన్ను బిగుసుకుపోతే చీకట్లో కటింగ్ ప్లేయరు వెతుక్కోవాలి.

తగిలించాక చేయాల్సినదే అసలు పని. స్నబ్బర్‌ని క్లీట్‌కు (తాడు కట్టడానికి డెక్కుకు బిగించిన కొమ్ముల దిమ్మకు) కట్టి, ఇంకొంచెం గొలుసు వదులు. బరువంతా స్నబ్బర్ మీదకు వచ్చి, ముడికీ రోలరుకీ మధ్య గొలుసు వదులుగా వేలాడాలి. ఎంత వేలాడాలి? స్నబ్బర్ సాగేంత దూరం కంటే ఎక్కువ. 10 మీటర్ల తాడు 30 నాట్ల గాలిలో దాదాపు మీటరు సాగుతుంది, పెద్ద గాలిలో రెండు మీటర్ల దాకా పోవచ్చు. అందుకని రెండున్నర మీటర్ల వదులు ఉంచు. అంతకంటే తక్కువైతే తాడు పూర్తిగా సాగకముందే గొలుసు బిగుసుకుని దెబ్బ మళ్ళీ మొదటికొస్తుంది. గొలుసు వెనక కొసను చెయిన్ స్టాపరుకో (గొలుసు జారకుండా పట్టే బిగింపు), గట్టి క్లీట్‌కో కట్టు, విండ్‌లాస్ మీద వదలొద్దు. స్నబ్బర్ తెగినా బోటును గొలుసు పట్టుకుంటుంది.

మీది నాలుగు మీటర్ల లోతు కాబట్టి ఇంకో చిక్కుంది. 10 మీటర్ల స్నబ్బర్‌ని బో నుంచి బయటికే వదిలితే, గాలి లేనప్పుడు ముడి బురదలో పడుంటుంది. ఏరులో నాలుగు రోజులు ఉంచిన గొలుసుకు గుల్లలు పట్టడం మొదలవుతుంది, ఆ అంచులు తాడును కోస్తాయి. అందుకని బయటికి మూడు మీటర్లే వదిలి, మిగతా ఏడు మీటర్లూ డెక్కు వెంట వెనక్కి తెచ్చి కాక్‌పిట్ (బోటు నడిపేవాళ్ళు కూర్చునే చోటు) దగ్గర వించ్‌కో (తాళ్ళు బిగించే డ్రమ్ము), వెనక క్లీట్‌కో కట్టు. సాగడానికి పొడవు కావాలి గానీ ఆ పొడవు నీళ్ళలోనే ఉండాలని ఏమీ లేదు. గాలి పెరిగితే కూర్చున్నచోటి నుంచే ఇంకొంచెం వదలొచ్చు కూడా. అయితే ఇట్టా కట్టినప్పుడు బో దగ్గర తాడు ముందుకూ వెనక్కూ ఎక్కువ జరుగుతుంది, ఒరిపిడి అక్కడే ఉంటుంది. ఆ చోట ఫైర్ ఇంజన్ గుడ్డ గొట్టం ముక్కో, మందపాటి తోలో చుట్టి రెండు కొసలా దారంతో కట్టు. తోటకు నీళ్ళు పెట్టే ప్లాస్టిక్ పైపు వద్దు. అది నీళ్ళను లోపలికి పోనివ్వదు, రుద్దుడుకు నైలాన్ లోపల వేడెక్కి కరుగుతుంది. అట్టా పాడైన తాడును చూస్తే తెలుస్తుంది, పైన అద్దంలాగా మెరుస్తూ, వంచితే కర్రలాగా ఉంటుంది, పేటలు విప్పబోతే ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. అలాంటి చోటు కనిపిస్తే అక్కడికి కోసి పారెయ్. గొలుసూ తాడూ ఒకే రోలరులో పక్కపక్కన పెట్టకు, పక్క రోలరుంటే దాంట్లో నుంచి తీసుకురా.

గొలుసు పొడవు లెక్క కూడా వేసుకో. నాలుగు మీటర్ల లోతు, పోటుకు ఇంకో మీటరు, నీటి నుంచి బో ఎత్తు మీటరుంబావు. మొత్తం ఆరుంబావు. మామూలు రోజున దానికి అయిదింతలు, అంటే 31 మీటర్లు చాలు. గాలి ఉన్నరోజు ఏడింతలు, అది 44 దాకా వస్తుంది. నీ 50 మీటర్లలో సరిపోతుంది గానీ, బోటు ఆ చుట్టూ తిరగడానికి ఏరులో చోటుందా చూసుకో, వేట బోట్లు పోయే దారికి అడ్డం రాకూడదు. పోర్టు పరిధిలో ఎక్కడపడితే అక్కడ వేయడానికి లేదు, పోర్టు వాళ్ళను అడిగే వెయ్యి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇదంతా మామూలు గాలులకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాను హెచ్చరిక వస్తే స్నబ్బర్‌ని నమ్ముకుని బోటులో ఉండొద్దు. 2023లో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ పైకి పోయి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు బోటును ముందే హార్బరు లోపలికి తెచ్చి నాలుగు వైపులా కట్టి మనుషులు ఒడ్డుకు రావాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి చాటులేని తీరాల్లో ఐతే మామూలు రోజుల్లో కూడా రాత్రి లంగరు వేసి పడుకోవద్దు.

ముడి విప్పేటప్పుడు వేళ్ళు ముడికీ రోలరుకీ మధ్య పెట్టకు. బిగిసిన నైలాన్‌కు ఎదురుగా నిలబడకు, పక్కన నిలబడు, తెగితే అది వెనక్కి కొట్టే దెబ్బకు ఎముక విరుగుతుంది. బోటులో ఇద్దరుంటే ఒకరు విండ్‌లాస్ బటన్ దగ్గర, ఒకరు బో దగ్గర, ఇద్దరి మధ్యా చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. ఇంజను శబ్దంలో కేకలు వినపడవు.

ఇక నీ దగ్గర నుంచి నాకు కావాల్సింది ఒక ఫొటో. ముందు క్లీట్ కింద, డెక్కు లోపలి వైపు ఎలా బిగించి ఉందో తీసి పెట్టు. నట్ల కింద వెడల్పాటి స్టీలు పలక లేకుండా ఉత్త వాషర్లే ఉంటే, తాడు కొనకముందు ఆ పని చేయించు. పాత ఫైబర్ డెక్కు మీద వాషర్లతో బిగించిన క్లీట్ మొదటి గట్టి గాలికే డెక్కును చీల్చుకుని వచ్చేయగలదు.