పాలు లేని టీకి, బడ్జెట్‌లో మంచి ఆకు

ఖరీదు పెట్టి డార్జిలింగ్ ఆకు కొన్నా చప్పగా ఉందని, ప్రతి నెలా అంత పెట్టలేమని రాశారు. ముందు ప్యాకెట్ మీద ఆకు కోసిన నెల ఉందేమో చూడండి. ప్యాక్ చేసిన తేదీ వేరు. డార్జిలింగ్ తొలికోత మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. ఆ సువాసన కోసమే దానికి అంత ధర, పాతబడితే అదే ముందు పోతుంది.

మీ బడ్జెట్‌కి నేనైతే నీలగిరి ఆర్థడాక్స్ ఆకు (పొడిగా కాకుండా ఆకులు చుట్టి చేసేది) కొనమంటాను. కూనూరు, కోటగిరి వైపు చలికాలంలో కోసిన ఆకు దొరికితే అస్సలు వదలకండి! డార్జిలింగ్‌కున్నంత పేరు లేదు కాబట్టి అదే డబ్బుకి మెరుగైన ఆకు వస్తుంది. ఇంట్లో మిగతావాళ్ల పాల టీకి అస్సాం సీటీసీ (చిన్న గుళికల్లా ఉండే మామూలు టీ పొడి) చాలండి, మంచి ఆకును పాలల్లో మరిగించడం వృథా.

ప్యాకెట్ మీద ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి గ్రేడు అక్షరాలు చూసి ఎక్కువ ఇవ్వకండి. అవి ఆకు సైజు, రూపం గురించే చెబుతాయి, రుచికి గ్యారంటీ కాదు. మొదట 50 గ్రాములే తెప్పించుకోండి.

ధరను కప్పు లెక్కన చూడండి. 100 గ్రాములు 400 రూపాయలైతే, కప్పుకి 2 గ్రాముల చొప్పున 8 రూపాయలే పడుతుంది. పెద్ద ఆకు రెండోసారి కూడా బాగానే దిగుతుంది. ఆకును మరిగించొద్దు, మరిగిన నీళ్లు పోసి మూడు నిమిషాలు మూత పెట్టి వడకట్టండి. డబ్బాని మాత్రం మసాలాల పక్కన పెట్టకండి, వాసన పట్టేస్తుంది.