సమాధానం: జర్మనీ వెంటోకి హైదరాబాద్ విడిభాగాలు సరిపోతాయా?

సరిపోవు, హైదరాబాద్‌లో ఇచ్చిన ఆర్డర్ ఉంటే క్యాన్సిల్ చేసేయండి బ్రదర్. మ్యూనిక్‌లో మీరు కొన్నది 1994 ఫోక్స్‌వ్యాగన్ వెంటో 1.9 టీడీఐ, అంటే డీజిల్ కారు. హైదరాబాద్‌లో మీ బావగారు బ్రేక్ ప్యాడ్లు వెతుకుతున్నది 2010లో మన దగ్గరికొచ్చిన వెంటోకి. పేరొక్కటే, బండ్లు వేరు. మనది పోలోకి డిక్కీ తగిలించిన బండి. మీది మూడో తరం గోల్ఫ్ కారుకి సెడాన్ రూపం. అమెరికాలో దాన్నే జెట్టా అని అమ్మారు.

విడిభాగాలు పేరుతో వెతక్కండి. ఛాసిస్ నంబర్లో 7, 8 స్థానాల్లో '1హెచ్' ఉంటుంది, దాంతో వెతకండి. సస్పెన్షన్, బ్రేకులు చాలావరకు ఆనాటి గోల్ఫ్‌వే కాబట్టి దొరకడం కష్టం కాదు.

మీ ఇంజన్ 1896 సీసీ, 90 హార్స్‌పవర్, 202 న్యూటన్ మీటర్ల టార్క్. ఇప్పటి లెక్కలో తక్కువే అనిపిస్తుంది గానీ 1900 ఆర్‌పీఎమ్ దగ్గరే లాగుతుంది, హైవే మీద హాయిగా పోతుంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా ఎక్కువ తిప్పకండి. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజనే పోతుంది. బెల్ట్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా అప్పుడే మార్పించండి.

డిక్కీ 550 లీటర్లు. ఊరినుంచి వచ్చే ఆవకాయ జాడీలకి ఢోకా లేదు!

అన్నట్టు, మొదటి రిజిస్ట్రేషన్‌కి 30 ఏళ్లు నిండి, బండి ఒరిజినల్‌గా ఉంటే జర్మనీలో పాతకాలపు బండ్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేటుకి అప్లై చేయండి. పాత డీజిల్ పన్ను కన్నా అది చవక.