డౌలా కావాలా, పెద్దమ్మ సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 26. మాది ప్రొద్దుటూరు. ఇది తొలి కాన్పు, ఎనిమిదో నెల నడుస్తోంది. అమ్మ లేదు. మా వారి ఉద్యోగం బెంగళూరులో. అక్కడ నా స్నేహితురాలు డౌలాను, అంటే కాన్పులో తోడుండే మనిషిని పెట్టుకుంటే నార్మల్ డెలివరీ అయింది. కడపలో కాన్పుకి నేనూ ఒకరిని పిలిపించుకుందామనుకుంటే, ‘నేనుండగా డబ్బులిచ్చి మనిషిని పెట్టుకోవడమేమిటి’ అని మా పెద్దమ్మ కోప్పడుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ పెద్దమ్మ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి ఆవిడ కొంత నేర్చుకోవాలి.

డౌలా మంత్రసాని కాదు, నర్సూ కాదు. బీపీ చూడదు, లోపలి పరీక్ష చేయదు, పురుడు పోయదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ ఒళ్లోకి వచ్చేదాకా మిమ్మల్ని వదలకుండా ఉండటమే ఆమె పని. ‘ఇంతేనా’ అనిపించవచ్చు. ఒకే నర్సు నలుగురు గర్భిణులను చూసుకోవలసిన రాత్రి లేబర్ రూములో ఉన్నవారికి దాని విలువ తెలుస్తుంది. భయం ఎక్కువైతే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, నొప్పులు నడిపించే ఆక్సిటోసిన్ హార్మోన్‌కు అడ్డుపడుతుంది. నడుం కింద అరచేతి మడమతో గట్టిగా అదిమి పట్టుకుని, ‘ఊపిరి నెమ్మదిగా వదులు’ అనే మనిషి ఉంటే ఆ భయం దిగుతుంది.

వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో వెలువరించిన సమీక్ష 26 అధ్యయనాల్లోని 15 వేల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించింది. కాన్పు పొడవునా ఒకరు తోడున్నవారిలో సిజేరియన్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. నొప్పులు పడే సమయం సగటున 40 నిమిషాలు తగ్గింది. అలాగని డౌలా వస్తే ఆపరేషన్ తప్పుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. బిడ్డ అడ్డం తిరిగినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా పక్కన ఎవరున్నా ఆపరేషన్ తప్పకపోవచ్చు. మీ స్నేహితురాలికి డౌలా వల్లే నార్మల్ అయిందని కూడా చెప్పలేం.

మన దేశంలో డౌలాలకు నర్సుల మాదిరి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. పెట్టుకుంటే ఎక్కడ శిక్షణ పొందింది, ఎన్ని కాన్పులకు వెళ్లింది, అర్ధరాత్రి నొప్పులొస్తే కడపకు ఎంతసేపట్లో రాగలదు అని ముందే అడగండి. మందులు ఇస్తానన్నా, డాక్టర్ మాట వినొద్దన్నా వెంటనే వద్దనండి.

ఇక పెద్దమ్మ సంగతి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడును అనుమతించాలని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న బంధువైన స్త్రీ అయితే మంచిదని కూడా అంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి కాబట్టి మీరు పేరు నమోదు చేసుకున్నచోట ఇప్పుడే అడగండి. ఆవిడకు నేర్పవలసినవి కొన్నే. నడిపించడం, భంగిమ మార్పించడం, డాక్టర్ వద్దనకపోతే గుక్కగుక్కగా నీళ్లు పట్టడం, రెండు గంటలకోసారి మూత్రానికి లేపడం. నేర్పడం కన్నా మాన్పించడమే కష్టం: పొట్ట మీద నొక్కకూడదు, గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ‘ముక్కు, ముక్కు’ అని తొందరపెట్టకూడదు, పక్కింటావిడ కాన్పులో ఏం జరిగిందో ఆ రాత్రి చెప్పకూడదు. చివరిది మన పెద్దవాళ్లకు మహా కష్టం!

ఆవిడకు ఓపిక లేకపోతే, లేదా ఆవిడ ఎదుట మీరు మనసు విప్పి ఏడవలేరనుకుంటే డౌలాను పెట్టుకోండి. అందులో తప్పేమీ లేదు.

ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా తోడు కోసం ఎదురుచూడవద్దు. 108కి ఫోన్ చేసి బయల్దేరండి.

వచ్చే చెకప్‌కి పెద్దమ్మను వెంట తీసుకెళ్లి, లేబర్ రూము ఒకసారి చూపించమని నర్సును అడగండి.

- గైనకాలజిస్ట్, కడప