బ్రౌజర్ విండో కనిపించకపోతే ఫార్మాట్ దాకా వెళ్లకండి

క్రోమ్ నొక్కితే కింద టాస్క్‌బార్‌లో గుర్తు వెలుగుతోంది, విండో మాత్రం తెర మీదకి రావడం లేదు, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే, షాపువాళ్లు ఫార్మాట్ కొట్టాలంటున్నారు, చేయించాలా అని అడిగారు. వద్దు. దయచేసి వద్దు. విండో ఎక్కడికీ పోలేదు, మీ కంటికి ఆనని చోట తెరుచుకుంటోంది, అంతే.

విశాఖ మద్దిలపాలెంలో మా అన్నయ్య నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో ఎనిమిదేళ్లు కౌంటర్లో కూర్చున్నది నేనే. ఇప్పటికీ చుట్టాలిళ్లలో సిస్టమ్ మొరాయిస్తే ఫోన్ నాకే వస్తుంది. పోయిన నవంబరులో ఎంవీపీ కాలనీ నుంచి మా పెద్దమావయ్య చేశాడు. "ఒరే, గూగుల్ రావట్లేదురా, లైఫ్ సర్టిఫికెట్ కాగితం తీసుకోవాలి, అది లేకపోతే పెన్షన్ ఆపేస్తారేమో" అని ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెప్తే అర్థమయ్యేది కాదని బండేసుకుని వెళ్లాను.

ఆయన కుర్చీ పక్కనే నిలబడి చూశాను. గుర్తు మీద నొక్కుతున్నాడు, కింద సన్నటి గీత వస్తోంది, బాణం దాని మీద పెడితే చిన్న బొమ్మ కూడా పైకి లేస్తోంది, ఆ బొమ్మలో పేజీ శుభ్రంగా కనిపిస్తోంది. తెర మీద మాత్రం మనవడి ఫొటో తప్ప ఏమీ లేదు. అప్పుడు నేను మౌస్ తీసుకుని కుడివైపుకి గట్టిగా తోశాను. మామూలుగా అయితే బాణం తెర అంచు దగ్గరికొచ్చి ఆగిపోవాలి. ఆగలేదు. అంచు దాటి వెళ్లిపోయింది, ఇక కనబడలేదు. ఎడమవైపుకి లాగితే మళ్లీ మెల్లగా లోపలికి వచ్చింది.

నాకు అక్కడే విషయం తెలిసిపోయింది. వంగి సీపీయూ వెనక చూస్తే నల్లటి హెచ్‌డీఎంఐ వైరు ఒకటి దివాన్ కింద నుంచి గోడమీది టీవీకి పోతోంది. దసరా సెలవులకి వచ్చిన మనవడు క్రికెట్ పెద్ద తెర మీద చూడాలని తగిలించాడట, వెళ్లేటప్పుడు తీయలేదు. అత్తయ్య సీరియల్ చూస్తోంది. "అత్తయ్యా, ఒక్క నిమిషం" అని రిమోట్ తీసుకుని సెట్‌టాప్ బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ రెండుకి మార్చాను. మావయ్య వారం రోజులుగా వెతుకుతున్న పేజీ గోడంతా పరుచుకుని ఉంది. "ఇదిక్కడ కూర్చుందేంట్రా!" అన్నాడు.

టీవీలో ఏ ఛానల్ నడుస్తున్నా, వైరు తగిలి ఉన్నంతసేపూ కంప్యూటర్ తనకి రెండో తెర ఉందనే అనుకుంటుంది. కొన్ని టీవీలైతే రిమోట్‌తో ఆపేసినా అంతే. క్రోమ్ పోయినసారి ఎక్కడ మూశామో గుర్తుపెట్టుకుని ఈసారీ అక్కడే తెరుచుకుంటుంది. తీసేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా చెరిపేయమని టిక్ పెడితే తప్ప ఆ జ్ఞాపకం పోదు, మీరు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

ముందు టాస్క్‌బార్‌లో క్రోమ్ మీద ఒకసారి నొక్కి, విండోస్ కీ, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎడమ బాణం నొక్కండి, విండో ఈ తెర మీదకి దూకుతుంది. తర్వాత విండోస్ కీతో పాటు పీ నొక్కి, వచ్చే జాబితాలో పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి, లేదా ఆ వైరు పీకేయండి. వైరే లేదంటే ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, వదిలేసి, ఎమ్ నొక్కి, ఏదో ఒక బాణం కీ ఒక్కసారి కొట్టి మౌస్ కదపండి. విండో మౌస్‌కి అతుక్కుని వస్తుంది, కావలసిన చోట క్లిక్ చేసి వదిలేయండి. ఎమ్ పని చేయకపోతే అది మాగ్జిమైజ్ అయి ఉందని, ముందు ఆల్ట్, స్పేస్ తర్వాత ఆర్ నొక్కి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక ఫార్మాట్ మాట. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2016లో మా ఇంట్లో సిస్టమ్ తెర మీద అక్షరాలన్నీ పెద్దవైపోయి బ్రౌజర్ సగమే కనిపించేది. రిజల్యూషన్ మార్చితే సరిపోయే పని. నేను ఊళ్లో లేను, అన్నయ్య షాపుకి తీసుకెళ్తే వాళ్లు ఫార్మాట్ కొట్టి సీతో పాటు డీ డ్రైవ్ కూడా ఊడ్చేశారు. అందులో హుద్‌హుద్ తుపానుకి ముందు మా పెరడు ఫొటోలున్నాయి. 2014 అక్టోబరు 12న పడిపోయిన పనసచెట్టు, దాని కింద మడత కుర్చీలో పేపరు చదువుతూ నాన్న. చెట్టూ లేదు, నాన్నా లేరు, ఆ ఫొటో ఇంకెక్కడా లేదు. తెర మీద ఏదో కనిపించడం లేదంటే డిస్క్ మొత్తం చెరపడం ఏం వైద్యం? ఫ్యాన్ తిరగకపోతే ఇల్లు పడగొడతారా?

ఇంకోటి, మన ఊళ్లో బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్లు వైర్ల కొసలు కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి పాత మానిటర్ల నీలం కొసల వీజీఏ వైరు పిన్నులు తుప్పు పట్టి, తెరకి నీలం రంగు మోసే పిన్ను పట్టు వదిలితే తెరంతా పసుపు తిరుగుతుంది. దాన్ని బ్రౌజర్ తప్పనుకుని థీమ్‌లు మార్చుకుంటూ కూర్చున్నవాళ్లని నెట్ సెంటర్లో చాలామందిని చూశాను.

విండో వచ్చి లోపల అంతా నల్లగానో తెల్లగానో ఉంటే అది వేరే సంగతి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసి క్రోమ్ మూసి తెరవండి, ఎక్కువసార్లు దానితోనే కుదురుకుంటుంది. మీది ఇంకా విండోస్ 7 అయితే 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి క్రోమ్ దానికి రావడం లేదు, 109తోనే ఆగిపోయింది.

ముందు మౌస్‌ని నాలుగు అంచులకీ తోసి చూడండి. ఎటువైపు ఆగకుండా వెళ్లిపోతోందో, సీపీయూ వెనక ఎన్ని వైర్లున్నాయో ఇక్కడ రాయండి, మిగతాది నేను చెప్తాను. అప్పటిదాకా సిస్టమ్ షాపుకి పంపకండి.