మా వీధి రాత్రిపూట భద్రమేనా? సర్వే మేమే ఎలా చేసుకోవాలి?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ నుంచి బస్టాపుకు వెళ్లే దారి చీకటిగా ఉందని, ఫిర్యాదు చేస్తే ఎవరూ కదలడం లేదని అడిగారు. దీనికి సేఫ్టీ ఆడిట్ అనే పద్ధతి ఉంది, అంటే వీధిలో మనమే నడిచి లోపాలు రాసుకోవడం; 1989లో టొరంటోలో మెట్రాక్ అనే మహిళా సంస్థ రూపొందించింది.

నలుగురైదుగురు కలిసి, మీరు రోజూ తిరిగొచ్చే వేళకే నడవండి. పగలు నడిస్తే సగం కనబడదు.

"లైట్లు సరిగా లేవు" అని రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. స్తంభం మీది నంబరు, దీపం అసలు వెలగడం లేదా, వెలుగుతున్నా చెట్టుకొమ్మ కప్పేసిందా, ఇవి విడివిడిగా రాయండి. బల్బు మార్చేవాళ్లు వేరు, కొమ్మ కొట్టేవాళ్లు వేరు. రెండూ ఒకే అర్జీలో కలిపితే ఒకరి మీద ఒకరు తోసేస్తారు. నంబరు చెరిగిపోయి ఉంటే ఎదురింటి గేటును గుర్తుగా రాయండి.

వారం తర్వాత మళ్లీ నడవండి, కొన్ని దీపాలు ఓ రోజు వెలిగి ఓ రోజు ఆరుతుంటాయి.

పొద్దున్నే పనికి వచ్చే ఆంటీలను, పూలమ్మే అమ్మను అడగండి. చాలా సంగతులు వాళ్లకే తెలుస్తాయి. పేర్లు మాత్రం రాయొద్దు, ముఖాలు ఫొటో తీయొద్దు.

అర్జీ కన్నడంలో రాయించి, రసీదు నంబరు తీసుకోండి. అప్పటికప్పుడు ప్రమాదమైతే సర్వే పక్కనపెట్టి 112కు ఫోన్ చేయండి.