ఆ సంతకం ఎవరిది?

"మేం డాలస్ దగ్గర ఉంటాం. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. మా పాప ఈ మే నెలాఖరుకి హైస్కూల్ పూర్తి చేస్తోంది. తొమ్మిదో క్లాసు నుంచి ఎనిమిది వందల మందిలో మొదటి ర్యాంకు తనదే. వాలిడిక్టోరియన్ (గ్రాడ్యుయేషన్ సభలో స్పీచ్ ఇచ్చే టాపర్) ఖాయమని బంధువులందరికీ చెప్పుకున్నాం. తీరా సీనియర్ ఇయర్‌లో, అంటే చివరి ఏడాదిలో, ఏపీ ఫిజిక్స్ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి క్లాసు) మానేసి సెరామిక్స్ (మట్టి పాత్రలు చేసే క్లాసు) తీసుకుంది. ఫిబ్రవరిలో ర్యాంకులు తేలితే మూడు వచ్చింది. మా బావగారి అబ్బాయి రెండేళ్ళ క్రితం అట్లాంటాలో వాలిడిక్టోరియన్ అయ్యి స్టేజ్ మీద స్పీచ్ ఇచ్చాడు. మనవరాలి స్పీచ్ కూడా చూద్దామని మా అత్తమామలు తెనాలి నుంచి వచ్చి కూర్చున్నారు. నూటయాభై మందికి హాలు బుక్ చేశాం. మావారు మూడు నెలలుగా పాపతో మాట్లాడటం లేదు. 'నాకు తెలియకుండా క్లాసు మార్చుకుంది, ఇంట్లో ఉంటూనే నన్ను మోసం చేసింది' అంటారు. నిజానికి ఆ ఫారం మీద సంతకం నేనే పెట్టాను. ఆయనకి తర్వాత చెబుదాంలే అనుకున్నాను, సమయం కుదరలేదు. ఇప్పుడు పాప గ్రాడ్యుయేషన్‌కి రానంటోంది, డిప్లొమా ఎలాగూ ఇంటికి పంపిస్తారుగా అంటోంది. ర్యాంకు మళ్ళీ లెక్కించమని స్కూల్‌ని అడగొచ్చా? పార్టీ ఇన్విటేషన్ మీద ఏం రాయాలి? పాపని ఎలా ఒప్పించాలి? పేరు ఎలా పలకాలో రాసివ్వమని స్కూలువాళ్ళు కార్డు ఇచ్చారు, అది కూడా నింపలేదు. నేనే నింపి పంపేయనా?"

– టెక్సస్ నుంచి ఒక తల్లి

ముందు మీరు అడిగినవాటి సంగతి తేల్చేస్తాను, వాటికి ఎక్కువ సేపు పట్టదు.

ర్యాంకు మళ్ళీ లెక్కించమని అడగొద్దు. లెక్కలో తప్పుంటే అడగాలి. ఇక్కడ తప్పు లేదు, వచ్చిన అంకె మీకు నచ్చలేదు, అంతే. ఇన్విటేషన్ మీద పాప పేరు, తేదీ, హాలు అడ్రసు, భోజనాల వేళ రాయండి. 'టాప్ వన్ పర్సెంట్' లాంటివి వద్దు. అది చదివిన ప్రతివాళ్ళూ 'మరి ఎన్నో ర్యాంకు?' అనే అడుగుతారు. ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే కదా మీరు అది రాద్దామనుకుంటున్నది!

ఆ లెక్క గురించి మాత్రం ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మీవారు అది అర్థం చేసుకున్నట్టు లేదు. మన దగ్గర మార్కులు తగ్గితే ర్యాంకు పోతుంది. అక్కడ మార్కులు తగ్గకుండానే పోతుంది. చాలాచోట్ల ఏపీ క్లాసులో 'A' గ్రేడు తెచ్చుకుంటే ఐదు పాయింట్లు, మామూలు క్లాసులో అదే 'A' గ్రేడుకి నాలుగు. ఒక పిల్ల ఇరవై నాలుగు క్లాసుల్లో ఐదేసి తెచ్చుకుని, ఇరవై అయిదో క్లాసుగా కుండలు చేయడం నేర్చుకుని అందులో నూటికి నూరు తెచ్చుకుందనుకోండి, సగటు 4.96 అవుతుంది. పక్కపిల్ల అన్నీ ఏపీలే చదివితే 5. అంటే మట్టి ముట్టుకున్నందుకు ఆ పిల్లకి నాలుగు వందో వంతులు కోత పడింది. తెలివి తగ్గలేదు, బద్ధకించలేదు, తప్పు చేయలేదు. పదమూడేళ్ళు బడికి వెళ్ళిన పిల్ల చివరి ఏడాదిలో తన కోసం ఒక్క క్లాసు తీసుకుంది.

ఇక నష్టం సంగతి. టెక్సస్‌లో స్కూల్ టాపర్‌కి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మొదటి ఏడాది ట్యూషన్ మినహాయించే ఏర్పాటు చట్టంలోనే ఉంది, మీవారు అది పోయిందని బాధపడితే కొంచెం అర్థం ఉంది. కానీ అది ట్యూషన్ వరకే, హాస్టలు, తిండి మనవే. సీటు విషయానికొస్తే, పైర్యాంకుల వాళ్ళని నేరుగా తీసుకోవాలని ఆ రాష్ట్రంలో 1997లో చట్టం చేశారు. దాని కింద ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే టర్ము) నుంచి క్లాసులో పైన 5 శాతంలో ఉన్న టెక్సస్ పిల్లలకి నేరుగా సీటిస్తోంది. కోరుకున్న బ్రాంచికి గ్యారంటీ లేదు కానీ యూనివర్సిటీలో చోటుంటుంది. ఎనిమిది వందల్లో 5 శాతం అంటే నలభై మంది. అక్కడ మొదటి ర్యాంకూ ఒకటే, మూడూ ఒకటే, నలభయ్యో ర్యాంకూ ఒకటే.

మరి పోయిందేమిటి? ఒక స్పీచ్. వాలిడిక్టోరియన్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది, వీడ్కోలు చెప్పే మనిషి అని అర్థం. రెండో ర్యాంకువాళ్ళు సాల్యుటటోరియన్, వాళ్ళు స్వాగతం చెబుతారు. మూడో ర్యాంకుకి పేరూ లేదు, మైకూ లేదు. మీ ఇంట్లో ఇంత రభస జరుగుతోంది ఆ మైకు కోసమే. అట్లాంటాలో బావగారి అబ్బాయి పట్టుకున్న మైకు.

బావగారి ప్రస్తావన మీ ఉత్తరంలో చాలానే ఉంది, నేను కుదించి వేశాను. మీవారిని అమెరికా పంపడానికి ఆయన అరెకరం అమ్మిన సంగతి, అది ఇప్పటికీ పండగలకి ఎవరో ఒకరు గుర్తుచేసే సంగతి కూడా రాశారు. అర్థమైంది. అన్న రుణం తీర్చుకోవాలంటే ఇప్పటి రేటు కట్టి డబ్బు పంపమనండి, వెళ్ళి కాళ్ళకి దండం పెట్టమనండి. కూతురి ర్యాంకుతో తీర్చే రుణం కాదది. పైగా ఆ బావగారు మీ పాప ర్యాంకు గురించి ఒక్క మాటైనా అన్నట్టు మీరు ఎక్కడా రాయలేదు.

ఇంతకీ నా కోపం మీవారి మీద కాదు. మీ మీద.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో హాలు గురించి పది లైన్లు, క్యాటరింగ్ గురించి ఆరు. సంతకం గురించి రెండు వాక్యాలు. "తర్వాత చెబుదాంలే అనుకున్నాను, సమయం కుదరలేదు." ఆగస్టులో స్కూల్ తెరిచారు. ర్యాంకులు వచ్చింది ఫిబ్రవరిలో. మధ్యలో వినాయకచవితి వచ్చింది, దసరా, దీపావళి వచ్చాయి, థాంక్స్ గివింగ్ సెలవులు, క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి వచ్చాయి. ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర ఆరు నెలలు సమయం కుదరలేదా అమ్మా?

పోనీ, అప్పుడు కుదరలేదనుకుందాం. ఫిబ్రవరిలో ఆయన "నన్ను మోసం చేసింది" అని కేకలు వేసిన రాత్రి మీరు ఎక్కడున్నారు? వంటింట్లో ఉన్నానని మీరే రాశారు. పాప "సారీ నాన్నా" అని ఊరుకుందట. "అమ్మని అడిగే చేశాను" అని ఒక్క మాట అంటే ఆ పిల్ల అక్కడితో బయటపడేది. అనలేదు. అప్పుడూ అనలేదు, ఆ తర్వాత ఈ మూడు నెలల్లోనూ అనలేదు. ఎందుకో మీకు తెలుసు. మిమ్మల్ని కాపాడుతోంది. పదిహేడేళ్ళ పిల్ల తండ్రి కోపమంతా తన నెత్తిన వేసుకుని తల్లికి అడ్డం నిలబడితే, తల్లి తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, "పాపని ఎలా ఒప్పించాలి" అని నాకు ఉత్తరం రాస్తోంది!

కటువుగా ఉందని తెలుసు. కానీ ఆ పిల్ల స్టేజ్ ఎక్కననడానికి ర్యాంకు కారణమని మీరు అనుకుంటుంటే పొరబడుతున్నారు. స్టేజ్ మీద పేరు పిలిచినప్పుడు కింద కూర్చుని చప్పట్లు కొట్టే వరసలో ఒకరు తనని అబద్ధాలకోరు అనుకుంటున్నారు, ఇంకొకరు కాదని తెలిసీ మాట్లాడరు. ఆ ఇద్దరి ముందు గౌను వేసుకుని నవ్వుతూ నడవమంటున్నారు మీరు. నేనైతే నడవను.

మా ఇంట్లో మా నాన్నకి ఏ మాటైనా వంటింటి మీదుగానే వెళ్ళేది. పరీక్ష ఫీజు కావాలన్నా, అన్నయ్య సిగరెట్ తాగుతూ దొరికినా, ముందు అమ్మ వినేది, తర్వాత ఆయన భోంచేసి వక్కపొడి వేసుకునే వేళ చూసి కొంత చెప్పేది, కొంత మింగేది. ఇల్లు సజావుగా ఉండటానికే అలా చేసేది, పాపం. కానీ నాన్న పోయేనాటికి మా నలుగురిలో ఒక్కరికీ ఆయనతో నేరుగా పది నిమిషాలు మాట్లాడే అలవాటు లేదు. ఆయన కోపిష్టి అని మేం అందరికీ చెప్పుకునేవాళ్ళం. నిజంగా కోపిష్టేనా? ఇప్పటికీ నాకు తెలియదు, మాకు ఎప్పుడూ పరీక్షించే అవకాశం రాలేదు. మీరు డాలస్‌లో ఐదు బెడ్‌రూముల ఇంట్లో అదే వంటింటి దారి నడుపుతున్నారు.

మీవారిని వెనకేసుకొస్తున్నాననుకోకండి. కన్నకూతురితో మూడు నెలలు మాట్లాడకపోవడం మగతనం కాదు, పెద్దరికం అంతకన్నా కాదు. తన ఎంసెట్ ర్యాంకు ఇప్పటికీ కొత్తగా పరిచయమైనవాళ్ళకి చెబుతారని రాశారు. టీవీలో 'ఒకటి, ఒకటి, ఒకటి' అని అరిచే ప్రకటనల మధ్య పెరిగిన తరంవాళ్ళు చాలామంది అంతే. ఆ జబ్బుకి నా దగ్గర మందు లేదు. అయితే ఆయన కోపంలో సగం ర్యాంకు కోసం, సగం తన వెనకాల నాటకం జరిగిందన్న అవమానం. ఆ రెండో సగం మీరు తీసేయగలరు, మీరొక్కరే తీసేయగలరు.

కాబట్టి చెప్పండి. అత్తమామలు పక్కనుండగా వద్దు. కారులో అసలే వద్దు, ఆయన డ్రైవింగ్ చేస్తూ వింటే ఎటూ వెళ్ళలేరు. సాయంత్రం ఇద్దరూ నడకకి వెళతారుగా, అప్పుడు. మాటలు ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు: "ఫిజిక్స్ మానేస్తానని ఆగస్టులో పాప నన్ను అడిగింది. సంతకం నేను పెట్టాను. నాన్నకి నేను చెబుతాను, నువ్వు చెప్పొద్దు అని నేనే అన్నాను. మీకు భయపడి చెప్పలేదు." అంతే. "కానీ అది కూడా ఎందుకంటే" అని మొదలుపెట్టకండి. ఆయన అరిస్తే అరవనివ్వండి. మీతో మాట్లాడటం మానేస్తే మానేయనివ్వండి. మూడు నెలలుగా పాప భరిస్తున్నదే, మీకు కొత్తగా ఏమీ రాదు.

మీ భయం మాటలకి కాక చెయ్యెత్తుతారనే భయమైతే, ఈ సలహా పక్కన పెట్టి వెంటనే నాకు మళ్ళీ రాయండి. దగ్గర్లో మీరు నమ్మే మనిషితో కూడా చెప్పండి. అప్పుడు సమస్యే వేరు. కానీ మీ ఉత్తరంలో అలాంటి జాడ కనిపించలేదు. కనిపించింది, భర్తకి ఎదురు చెప్పకపోవడమే మంచి భార్య లక్షణమని ఇరవై ఏళ్ళుగా నమ్మిన మనిషి. అందరి దగ్గరా మంచిగా ఉండాలనుకుంటే ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి, మీ ఇంట్లో పిల్ల పెట్టుకుంది.

ఆయనకి చెప్పాక పాప దగ్గరికి వెళ్ళండి. "నాన్నకి చెప్పేశాను" అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. "ఇప్పుడైనా వస్తావా గ్రాడ్యుయేషన్‌కి?" అని మాత్రం అప్పుడే అడక్కండి, దాని కోసమే చెప్పారనుకుంటుంది. అనుకుంటే తప్పు కూడా లేదు.

ఇంకొకటి. సెరామిక్స్ క్లాసులో చేసిన ఒక గిన్నె డిసెంబర్లో ఇంటికి తెచ్చిందనీ, ఒక పక్కకి వంకరగా ఉందనీ, మీవారి కంట పడకుండా గరాజ్‌లో పెయింట్ డబ్బాల వెనక పెట్టారనీ రాశారు. అదెందుకు రాశారో నాకు తెలియదు, మీకూ తెలిసి ఉండదు. దాన్ని తెచ్చి కడగండి. పెరుగు తోడు పెట్టుకోవడానికి పనికొస్తుందేమో, లోపల వేసిన పూత తిండికి పనికొచ్చేదో కాదో పాపనే అడగండి. అది తనకి తెలిసిన విషయం, మీకు తెలియని విషయం. ర్యాంకు గురించి కాకుండా మీరిద్దరూ మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

అత్తమామలకి మీరే చెప్పండి, స్పీచ్ లేదని. తెనాలి నుంచి ఇరవై నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు స్పీచ్ కోసమే వచ్చారని మీరు అనుకుంటున్నారు. ఆ ఇంగ్లీషు స్పీచ్‌లో వాళ్ళకి ఎంత అర్థమయ్యేదో ఆలోచించారా? మనవరాలు టోపీ పెట్టుకుని, కుచ్చు కుడి నుంచి ఎడమకి తిప్పుకుంటే ఫోటో కావాలి వాళ్ళకి. అదీ పాప వస్తే.

రాకపోతే? రాకపోతే రాదు. డిప్లొమా ఆగదు, ఆస్టిన్ ఆగదు. హాలు క్యాన్సిల్ చేయాలా అంటే, అడ్వాన్స్ ఇచ్చేశారు కాబట్టి భోజనాలు పెట్టండి, పాప ఉంటానంటేనే పెట్టండి. లేకపోతే అడ్వాన్స్ పోయిందనుకోండి.

చివరగా ఆ కార్డు. పేరు ఎలా పలకాలో రాసివ్వాల్సిన కార్డు. మన ఇంటిపేర్లు అక్కడి మైకుల్లో ఎన్ని ముక్కలవుతాయో నేనూ విన్నాను, కాబట్టి అది అవసరమే. పాప నింపకపోతే మీరే నింపి, సంతకం పెట్టి, తనకి తెలియకుండా పంపేయనా అని అడిగారు. ఇంత జరిగాక మళ్ళీ సంతకమా? కార్డు తన బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టి, గడువు ఏ తేదీయో చెప్పి బయటికి రండి.