నియమాన్ని పాటించడం గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి,

విజయవాడ నుంచి నీవు పంపిన ఉత్పలమాల అందింది. భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస అన్నీ సరిచూసుకున్నావు. అయినా మూడో పాదం తప్పని నేనెందుకన్నానో బోధపడలేదని రాశావు.

"అది ప్రజల కోరిక" అన్నచోట "ది" అక్షరాన్ని గురువుగా, అంటే రెండు మాత్రల అక్షరంగా, లెక్కించి ర గణాన్ని పూర్తి చేశావు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అన్న సూత్రాన్ని మాటల వరకే చూస్తే నీ లెక్కకు అడ్డు లేదు. కాని పద్యాలు చదివే అలవాటున్నవారెవరూ అక్కడ "ది"ని ఊది పలకరు. "అది" ఒక మాట, "ప్రజల" వేరొక మాట. "వనప్రాంతము"లో మాత్రం, సమాసం కనుక, "న" గురువవుతుంది. ఈ భేదానికీ సూత్రం ఉంది. అయితే ఏది సమాసమో, ఏవి విడి మాటలో తేల్చడానికి ఇంకొక సూత్రం, దాన్ని అన్వయించడానికి మరొకటి కావాలంటే ఆ వరుసకు అంతుండదు.

తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ మరణించిన రెండేళ్లకు, 1953లో వెలువడిన గ్రంథంలో ఒక విద్యార్థి ఉన్నాడు. రెండేసి కలుపుతూ పొమ్మంటే 1000 దాకా సరిగానే రాసి, ఆ తరువాత 1004, 1008 అని రాస్తాడు. చెప్పినట్టే చేస్తున్నానని నమ్ముతాడు కూడా. అతడికి మొదట చూపిన ఉదాహరణలన్నీ అతడి లెక్కకూ సరిపోతాయి. దీన్నిబట్టి ఎవరెలా చేసినా ఒప్పేనని కొందరు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. నియమాన్ని పాటిస్తున్నానని అనుకోవడం దాన్ని పాటించడం కాదని ఆ పుస్తకమే చెబుతోంది. పలువురు కలిసి చేసే పనిలో, దిద్దే చోటా దిద్దుకునే చోటా తప్పొప్పులకు నిజంగా ఉనికి ఉంది.

అందుకే "నా పద్యానికి నా నియమాలే" అన్న నీ చివరి వాక్యం నన్ను కలవరపెట్టింది. కొత్త నియమం పెట్టుకో, తప్పులేదు. సంధి జరిగిన అక్షరాన్ని విడదీయకుండా ఉన్నదున్నట్టే యతి కలిపే అఖండయతి చెల్లుతుందా లేదా అని, ఛందస్సు నియమాలు రాసిన లాక్షణికులే వాదులాడుకున్నారు. కాని ఆ వాదం చదివేవారందరి ఎదుట నడిచింది. నీకొక్కడికే తెలిసిన నియమాన్ని నీవు తప్పినా, తప్పావని నీకు చెప్పగలిగేదేదీ ఉండదు.

మూడో పాదం మార్చి, గణ విభజన చూపకుండా, పద్యాలు బాగా చదివే ఎవరిచేతనైనా పైకి చదివించు. వారు ఎక్కడ తడబడ్డారో గుర్తుపెట్టి నాకు రాయి. వచ్చే ఆదివారం గుంటూరు వస్తే బ్రాడీపేటలో మా ఇంట్లో కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి